కూర్చున్నవాళ్ల వైపు

మా చిన్నమ్మ కూతురు ఈ మధ్యే జనగామలో డిగ్రీలో చేరింది. చేరిన వారానికే ఫోన్ చేసింది. కాలేజీ వరండాలో సీనియర్లు బల్లలు వేసుకుని కూర్చున్నారట. ఒక్కో బల్ల దగ్గర ఒక్కో దానికి పేర్లు రాసుకుంటున్నారట. ఎన్ఎస్ఎస్, ఎన్‌సీసీ, వక్తృత్వం, నాటకం, కోలాటం, ఆటలు.

"అక్కా, నేను గూడ నీ లెక్క టీచర్నయిత. ఏ దాంట్ల పేరిస్తే పనికొస్తది? జల్ది చెప్పు, లైన్ల నిలవడ్డ," అంది.

నాకు నవ్వొచ్చింది. ఆ లైన్లో ఇప్పుడు నేను లేను కదా అనుకుంటే ప్రాణం హాయిగా అనిపించింది. నేను అక్కడ నిలబడిన రోజు ఒక్కో బల్ల దాకా పోయి వెనక్కి వచ్చాను. ఏ బల్ల దగ్గర పేరిస్తే టీచర్నవుతానో, ఏ బల్ల దగ్గరిస్తే కాకుండా పోతానో తెలియదు. అడగడానికి ఫోన్లో అక్క కూడా లేదు.

"జర పక్కకు జరుగు. ఎనకున్నోళ్లను పోనియ్యి. పొద్దుగూకినంక మాట్లాడుదాం," అన్నాను. ఆ సాయంత్రం దానికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. చివర ఉన్నది మాత్రం దానికి ఇంకా చెప్పలేదు.

మాది రేగొండ దగ్గర ఊరు. పత్తి, మిరప వేసుకుని బతికే ఇల్లు. మా ఇంట్లో దేనికి కొదవున్నా మాటలకు లేదు. మా అమ్మ ఒక సంగతి మొదలుపెట్టిందంటే కొట్టంలో ఉన్న బర్రెకు కూడా అర్థమయ్యేదాకా వదలదు. నాకు ఆ మాటలూ వచ్చాయి, వాటితో పాటు ముక్కు మీద కోపమూ వచ్చింది. వాడకట్టులో ఎక్కడ లొల్లి అయినా, నేను అందులో ఉన్నానా అని ముందు అడిగేవాళ్లు. అలాంటి నేను టీచర్నవుతానంటే మా పెద్దబాపు పగలబడి నవ్వాడు.

"ఇది టీచరైతే పోరగాండ్లను బతుకనిస్తదా?" అన్నాడు.

నవ్వనిది మా బాపు ఒక్కడే. ఆయన ఐదో తరగతితో బడి మానేసి మేకల వెంట పోయాడు. అయితే మేకలను ఎటు తోలినా, మధ్యాహ్నానికి బడి వెనక బీడులోకే తెచ్చేవాడట. గోడ ఇవతల నిలబడి లోపల సారు చెప్పే పాఠం వినేవాడట. ఆ సారు గొంతు గంట కొట్టినట్టు ఉండేదట. భూమి తిరుగుతుందనీ, మబ్బు ఎలా తయారవుతుందనీ మా బాపుకు ఆ గోడ పక్కనే తెలిసింది. అందుకే ఆయన లెక్కలో టీచరంటే గొంతు. మిగతావన్నీ తర్వాత.

"బిడ్డా, సారు గొంతు గోడ దాటాలె. గోడకవుతల గూడ ఎవడో ఒకడు ఉంటడు," అనేవాడు. నన్ను జనగామ హాస్టల్లో దింపి వెళ్లేటప్పుడు కూడా అదే మాట అన్నాడు. ఫీజు గురించీ, అన్నం గురించీ ఏమీ అనలేదు.

కాబట్టి నేను వక్తృత్వం బల్ల దగ్గర పేరిచ్చాను. టీచర్ కావాలనుకునే వాళ్లంతా అక్కడే ఉన్నారు. అదే దారి అని అందరికీ తెలుసన్నట్టు నిలబడ్డారు.

మొదటి పోటీకి సెల్‌ఫోన్ల వల్ల లాభమా నష్టమా అనే అంశం ఇచ్చారు. నేను నష్టం వైపు. సెల్‌ఫోన్లోనే వెతికి, రాసుకుని, బట్టీ పట్టాను. స్టేజీ ఎక్కి మైకు ముందు నిలబడగానే నాకు తెలియకుండానే ఉరుకు మొదలైంది. ఊపిరి కూడా తీసుకోకుండా చెప్పుకుంటూ పోయాను. ఇచ్చిన సమయం సగం కూడా కాకముందే ప్రసంగం అయిపోయింది. ఇంకా సమయం ఉంది కదా, దిగాలా వద్దా అని తెలియక అక్కడే నిలబడ్డాను.

"ఏందక్కా, బస్సు పోతుందా?" అని వెనక నుంచి ఒకడు అరిచాడు. హాలంతా నవ్వింది.

దిగి రావలసింది. నేను మైకు పట్టుకున్నాను. "అంత తెలిసినోనివైతే ఇటొచ్చి చెప్పు. ఎనక కూసోని కూతలు కూసుడు గాదు," అన్నాను. వాడు ఏదో అన్నాడు, నేను ఇంకోటి అన్నాను. జడ్జీలు గంట కొడుతూనే ఉన్నారు. మా మాటలు కాలేజీ గ్రౌండు దాకా వినిపించాయని తర్వాత చెప్పారు. అందులో నా తప్పేమీ లేదని ఇప్పటికీ అంటాను. వాడు అనకుండా ఉండాల్సింది. కానీ వక్తృత్వం జట్టులో నా పేరు మాత్రం లేకుండా పోయింది.

ఆ రాత్రి హాస్టల్లో అన్నం సహించలేదు. నవ్వినందుకు కాదు. వినేవాళ్లు ఒక్కసారి నవ్వితేనే కొట్లాటకు దిగిన నేను, రోజంతా పిల్లల ముందు ఎలా నిలబడతాను? పిల్లలు నవ్వకుండా ఉంటారా? పెద్దబాపు చెప్పిందే నిజమైతే, నమ్మి పంపిన బాపుకు ఏ ముఖం చూపించాలి? ఏడుపొచ్చింది, ఏడ్చాను.

మర్నాడు ఆటల మేడం కబురు పెట్టింది. సన్నగా, ఎండకు నల్లబడి, ఎప్పుడూ టోపీతో ఉండే మనిషి. తిట్టడానికి పిలిచిందేమో అనుకున్నాను.

"నిన్న మైకుల లొల్లి పెట్టింది నువ్వేనా?" అంది.

"వాడే మొదలువెట్టిండు మేడం."

"గది నాకెందుకు? నీకు భయం లేదు. నాకు గసొంటి పిల్లనే కావాలె," అని నా చేతిలో ఒక ఈల పెట్టింది. "ఖోఖోకు అంపైరింగ్ చెయ్యి. అందరూ ఆడుతమంటరు గని తిట్లు తినేటందుకు ఎవ్వరూ రారు."

ఖోఖో తెలియని బడి లేదు మా వైపు. తరిమే జట్టు వాళ్లు ఒకే వరుసలో కూర్చుంటారు, ఒకరు ఇటు ముఖం పెడితే పక్కవారు అటు. ఒక్కరే లేచి తరుముతుంటారు. తరిమే మనిషి కూర్చున్న ఒకరి వీపు తట్టి 'ఖో' అనాలి. అప్పుడు ఆ కూర్చున్న మనిషి లేచి తరమాలి, తట్టిన మనిషి అక్కడ కూర్చోవాలి. 'ఖో' వినకముందే లేస్తే ఫౌల్. బడిలో ఆడాను కాబట్టి ఇందులో ఏముందిలే అనుకున్నాను.

మొదటి మ్యాచే ఆగమాగం చేశాను. పరుగెత్తే జట్టులో ఒక పిల్ల ఉండేది, లేడిలా తప్పించుకునేది. నేను ఆ పిల్లనే చూస్తూ నిలబడిపోయాను. అది ఒంటిచేత్తో స్తంభం పట్టుకుని గిర్రున తిరిగినప్పుడు చప్పట్లు కూడా కొట్టాను. అంపైరు చప్పట్లు కొట్టడం ఎవరైనా చూశారా? తరిమే జట్టు వాళ్లు చూశారు. రెండో జట్టు వాళ్లేమో, ఎవరో 'ఖో' అనకముందే లేచారని అరిచారు. నేను చూడలేదు. చూడలేదని ఒప్పుకోకుండా, అది ఫౌల్ ఎందుకు కాదో వివరించడం మొదలుపెట్టాను. ఈల మెడలో వేలాడుతోంది, ఆట ఆగింది, నేను మాత్రం ఆగలేదు.

మేడం వచ్చి నన్ను గీత బయటకు లాక్కుపోయింది.

"ఎవ్వరిని చూస్తున్నవ్?"

"ఆడేటోళ్లను మేడం."

"ఉరికేటోళ్లను ఊరంత చూస్తది. దానికి నువ్వెందుకు? నువ్వు కూసున్నోళ్లను చూడు. ఎవ్వరు లేవాల్నని చూస్తున్నరు, ఎవ్వరి కాలు గీత మీదికి వచ్చింది, ఎవ్వరు పడుకున్నట్టు కూసున్నరు, గది నీ పని." కాస్త ఆగి మళ్లీ అంది. "ఇంకోటి. ఈల ఊదినంక నోరు మూసుకో. చెయ్యి చూపియ్యి, అయిపోయింది. నువ్వు మాట్లాడినంత సేపు ఆట ఆగుతది."

నన్ను నోరు మూసుకోమని చెప్పిన వాళ్లు అంతకుముందూ ఉన్నారు. ఎందుకు మూసుకోవాలో చెప్పింది మాత్రం ఆమే.

చెప్పినంత తేలిక కాలేదు. కళ్లు వాటంతట అవే ఉరికే పిల్ల వెంట పోయేవి. పట్టి పట్టి వెనక్కి తెచ్చుకునేదాన్ని. కొన్నాళ్లకు కూర్చున్న వాళ్ల వీపులు నాకు ముఖాల్లా అర్థమవడం మొదలైంది. లేవబోయే పిల్ల భుజం ముందు కదులుతుంది. భయపడే పిల్ల తల వంచుకుని కూర్చుంటుంది, తన దగ్గరికి ఆట రావద్దని. ఆట మీద అలిగిన పిల్ల చూపు గ్రౌండు బయట ఉంటుంది. అందరూ కనబడాలంటే ఎక్కడ నిలబడాలో కూడా తెలిసింది. నడిమధ్యన కాదు, పక్కన.

నోటి సంగతి ఇంకా కష్టమైంది. ఒకసారి మహబూబాబాద్‌లో కాలేజీల మధ్య పోటీలు జరిగాయి. ఆ ఊరి వాళ్లు గ్రౌండు చుట్టూ నిలబడి నా వంశం మొత్తాన్ని తలుచుకున్నారు. చెవులు కాలిపోతున్నా ఈల పంటి కింద బిగబట్టి నిలబడ్డాను. నోట్లో ఈల ఉంటే తిరిగి తిట్టలేం కదా. ఆట అయ్యాక ఓడిన జట్టు పిల్లలే వచ్చి చేయి కలిపారు. అప్పుడనిపించింది, మేడం నాకు ఈల ఇచ్చింది ఊదడానికి ఒక్కదానికే కాదని.

బాపు ప్రతి ఆదివారం ఫోన్ చేసేవాడు.

"స్టేజీ మీద మాట్లాడుతున్నవా బిడ్డా?"

"లేదు బాపు, ఈల ఊదుతున్న."

"ఈలనా? పోలీసోళ్ల లెక్కనా?" అని, ఫోన్ అమ్మ చేతికి ఇచ్చేసేవాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టేది కాదు. వక్తృత్వం వాళ్లకు కప్పులూ సర్టిఫికెట్లూ వస్తున్నాయి, నాకు ఎండకు ముఖం మాడుతోంది. తప్పు బల్ల దగ్గర తేలానేమో అని డిగ్రీ అయ్యేదాకా మనసు పీకుతూనే ఉంది.

బీఈడీ మహబూబాబాద్‌లో చేశాను. చివర్లో ఒక బడికి పోయి, బయటి నుంచి వచ్చిన పరీక్షకుడి ముందు పాఠం చెప్పాలి. మా బ్యాచ్‌లో అందరూ దానికే వణికేవాళ్లు. నాకు సైన్సు. నేలలు, అవి నీటిని నిలుపుకునే గుణం. కురవి వైపు తండాల నుంచీ, చుట్టుపక్కల ఊళ్ల నుంచీ పిల్లలు వచ్చే బడి అది. ఎర్రమట్టి ఒక సీసాలో, నల్లమట్టి ఒక సీసాలో పోసుకుని, కింద చిల్లులు పెట్టి తీసుకెళ్లాను. చెప్పాల్సిందంతా బట్టీ పట్టాను, అలవాటు పోలేదు.

పరీక్షకుడు వెనక కుర్చీలో కూర్చున్నాడు. తెల్ల చొక్కా, నెరిసిన మీసం, నవ్వని ముఖం. నేను నీళ్లు పోశాను. ఎర్రమట్టి సీసాలోంచి నీళ్లు కిందికి దిగాయి, నల్లమట్టి సీసాలోంచి దిగలేదు. ఎందుకని అడిగాను. ముందు బెంచీలో ఒక పిల్లాడు ఠక్కున చెప్పాడు. ఇంకోటి అడిగాను, వాడే చెప్పాడు. మూడోదీ వాడే. నాకు ఉత్సాహం వచ్చింది, మాట వేగం పెరిగింది. పాఠం బ్రహ్మాండంగా సాగుతోందనుకున్నాను. నా చేతులు దగ్గరికి వచ్చాయి, వాడికి చప్పట్లు కొట్టించడానికి.

ఆ చేతులు చూసుకుని ఆగిపోయాను. మళ్లీ ఉరికేవాడినే చూస్తున్నాను.

బల్ల దగ్గర నుంచి జరిగి, పక్క గోడ దగ్గరికి పోయి నిలబడ్డాను. అక్కడి నుంచి అందరూ కనబడ్డారు. సగం మంది తలలు వంచుకుని ఉన్నారు. ఒకడు కిటికీ బయటికి చూస్తున్నాడు. వెనక నుంచి రెండో బెంచీలో ఒక ఆడపిల్ల భుజం కదిలింది. లేవబోయి మళ్లీ కూర్చుంది. ఖోఖోలో అయితే ఫౌల్ ఇచ్చేదాన్ని. ఇక్కడ ఆ పిల్లకు 'ఖో' చెప్పేవాళ్లే లేరు.

"నువ్వు చెప్పు బిడ్డా," అన్నాను.

ఆ పిల్ల లేచింది. వాళ్లింటి భాషలో మొదలుపెట్టి, సగంలో తెలుగులోకి వచ్చి, మళ్లీ ఆగిపోయింది. వెనక ఎవడో కిసుక్కుమన్నాడు. క్లాసంతా నవ్వింది. నా రక్తం సర్రున తలకెక్కింది. జనగామ స్టేజీ మీద నవ్విన నవ్వే అది, నాకు బాగా తెలుసు. నవ్వినవాడిని నిలబెట్టి కడిగేయాలని నాలుక చివరి దాకా వచ్చింది. కానీ నేను వాడితో మాట్లాడినంత సేపూ ఆ పిల్ల అలా నిలబడే ఉండాలి. ఆట ఆగుతుంది.

చెయ్యి ఎత్తి చూపించాను, అంతే. నవ్వు సద్దుమణిగింది. ఆ పిల్ల వైపే చూస్తూ ఊరుకున్నాను. ఎంతసేపో తెలియదు, నాకు మాత్రం వాన కోసం చూసినట్టుగా ఉంది. పరీక్షకుడు పెన్ను పట్టుకుని నన్నే చూస్తున్నాడని తెలుస్తోంది. టీచరమ్మ పాఠం మర్చిపోయిందని రాసుకుంటాడేమో.

"మా చేన్ల నల్లమన్ను ఉంటది టీచర్," అంది చివరికి. "వాన వడ్డంక నడిస్తే చెప్పు దాంట్లనే ఉంటది, కాలు ఒక్కటే వస్తది. నీళ్లను గూడ గట్లనే పట్టుకుంటది."

ఈసారి కూడా క్లాసు నవ్వింది, కానీ వేరే నవ్వు. ఎందుకంటే అందరి చెప్పులూ ఎప్పుడో ఒకప్పుడు ఆ మట్టిలో దిగబడినవే. ఇంకో పిల్ల లేచి వాళ్ల ఎర్రనేల చెలకలో బావి ఎందుకు తొందరగా ఎండుతుందో చెప్పింది. కిటికీ బయటికి చూస్తున్నవాడు ఎర్రమట్టిలో పల్లీ వేస్తారని చెప్పాడు. ఎందుకని అడిగాను. ముగ్గురు ఒకేసారి లేచారు. గంట కొట్టేసరికి నేను బట్టీ పట్టినదాంట్లో సగం కూడా చెప్పలేదు.

పిల్లలు వెళ్లిపోయాక పరీక్షకుడు పిలిచాడు. మట్టి సీసాలు చేతిలో పట్టుకునే పోయాను.

"బల్ల దగ్గర ఉండకుండా గోడ పక్కన ఎందుకు నిలబడ్డావమ్మా?"

అబద్ధం తోచలేదు. "అక్కడి నుంచైతే కూర్చున్నవాళ్లంతా కనబడతారు సార్," అన్నాను.

ఆయన పెన్నుకు మూత పెట్టాడు. "ఇది నీకు ఎవరు చెప్పారు?"

"మా ఆటల మేడం సార్. ఖోఖోలో."

నవ్వని ముఖం నవ్వింది. "ఆ మేడంకు నా నమస్కారం చెప్పు," అని లేచి వెళ్లిపోయాడు.

నేను బయటికొచ్చి కుళాయి కింద తల పెట్టాను. చీర తడిసినా పట్టించుకోలేదు. హమ్మయ్య అనే మాట ఎంత పెద్దదో ఆ రోజు తెలిసింది. మేడంకు ఫోన్ చేస్తే, "మంచిగైంది. ఇగ నోరు తెరువకు," అని పెట్టేసింది.

తర్వాత డీఎస్సీ రాశాను. ఫలితాల రోజు భూపాలపల్లిలో నెట్ సెంటర్ ముందు బాపూ నేనూ నిలబడ్డాం. నా పేరు ఉంది. బాపు నా నెత్తి మీద చెయ్యి పెట్టాడు. బస్సెక్కాక మెల్లగా అడిగాడు.

"మరి గొంతు? గోడ దాటుతదా బిడ్డా?"

"ఏమో బాపు," అన్నాను. నిజంగానే నాకు తెలియదు.

ఇదంతా విని మా చిన్నమ్మ కూతురు అంది, "అంటే ఖోఖోల పేరియ్యమంటవ్."

"కాదే. నాకు నోరెక్కువ, నాకు ఈల పనిచేసింది. నీకు నోరే లేదు. లైన్ల నుంచి జరుగు అనంగనే మారుమాట లేకుంట జరిగినవ్. నువ్వు వక్తృత్వంలనే ఇయ్యి. ఎవడన్న నవ్వితే నాకు చెప్పు," అన్నాను. అది పడీపడీ నవ్వింది. మర్నాడు పేరిచ్చిందట.

ఇప్పుడు నేను గంగారం వైపు అడవి పక్క బడిలో పనిచేస్తున్నాను. పోయిన నెల బాపు చెప్పాపెట్టకుండా వచ్చాడు, బస్సులు మారి, భుజాన మిరపకాయల సంచితో. గాలి పాఠం జరుగుతోంది ఆ రోజు. కర్రను నడుమ తాడుతో వేలాడదీసి, రెండు వైపులా ఊదిన బుడగలు కట్టి, ఒకదాన్ని పిల్లలే పగలగొట్టారు. కర్ర ఒక వైపు ఒరిగింది. ఎందుకు ఒరిగిందో వాళ్లలో వాళ్లే వాదించుకుంటున్నారు. నేను గోడ పక్కన నిలబడి, భుజం కదిలిన వాళ్ల వైపు చెయ్యి చూపిస్తున్నాను, అంతే.

గంట కొట్టాక బయటికొస్తే బాపు గోడ అవతల నిలబడి ఉన్నాడు. సంచి కింద పెట్టలేదు, భుజాన అలాగే ఉంది.

"ఎప్పుడొచ్చినవ్ బాపు? లోపలికి రావద్దా?"

"గంటసేపైంది. నీ గొంతు ఇనరాలేదు బిడ్డా. నువ్వు బడికి రాలేదేమో అనుకున్న," అన్నాడు.

నా గుండె జారింది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ ఒక్క మాటకు జారింది. సంచి అందుకోబోయాను. బాపు ఇవ్వలేదు. ఏదో ఆలోచిస్తున్నాడు.

"బిడ్డా, గాలికి బరువుంటదట గద?" అన్నాడు. "లోపట ఎవ్వలో చిన్నపిల్ల చెప్పుతుంటే ఇన్న. నాకిన్నొద్దులు ఎరుక లేదు."

"ఉంటది బాపు," అన్నాను.

చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాను. గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, సంచి కింద పెట్టి, పోయి వెనక బెంచీలో కూర్చున్నాడు. తర్వాతి గంట కొట్టారు. పిల్లలు వచ్చి ఆయన పక్కన సర్దుకున్నారు, నేను గోడ దగ్గరికి పోయి నిలబడ్డాను.